కొబ్బరిచెట్ల బ్రిడ్జి

పరకాల దాటినంక
ఎడమచేతి మట్టితొవ్వల మా ఊరు.
ఊరికీ బడికీ నడుమ ఉసికెవాగు.
వాన పడ్డ వారమంతా
పిల్లల పుస్తకాల సంచులు
పెద్దోళ్ల నెత్తుల మీద బడికి వోతయి.

నేను కక్కెర్ల మొండయ్యను.
పొద్దుగాల పదిహేను తాళ్లు, మాపటికి పదిహేను.
మోకేసుకొని మీదికి వోతే
నాకు కనవడనిది తక్కువ.
ఎవలి బాయి అడుగంటిందో,
ఎవలింట్ల పొయ్యి ఇంకా రాజలేదో,
ఓట్లప్పుడు ఓడిపోయినోని మిద్దె కూడ
ఎట్ల ఒక అంతస్తు పెరిగిందో.
పదేండ్లుగ చూస్తున్న.
వాగు మీద కొంగలే ఉన్నయి.

శంకుస్థాపన మాత్రం మూడుసార్లయింది.
మొదటాయన కొబ్బరికాయ కొట్టిండు.
రెండో ఆయన అదే రాయికి సున్నమేయించి కొట్టిండు.
మూడో ఆయన కారు దిగలేదు,
అద్దం సగం దించి చెయ్యి ఊపిండు,
కాయ డ్రైవరు కొట్టిండు.
మూడు కాయలూ హన్మకొండల కొన్నయే.
మా దిక్కు కాసేటియి కావు.

మా తమ్ముని బిడ్డ అఖిల
పది రూపాయల పోస్టలార్డరు పెట్టి
సర్కారును ఒక్క మాట అడిగింది:
పైసలేమైనయి?
ముప్పై రోజులన్నరు.
మూడు నెలలకు కవరొచ్చింది.

"పై విషయమై తెలియజేయునది ఏమనగా
సదరు వాగుపై వంతెన నిర్మాణము పూర్తి అయినది.
బిల్లులు చెల్లించబడినవి.
ఫోటో జతపరచనైనది."

చదువు రాదు నాకు, బొమ్మ చదువొస్తది.
మంచి బ్రిడ్జి.
రెండు పక్కల కటకటాలు, తెల్లరంగు,
సైకిలు మీద ఒక పిలగాడు, చెప్పులు తడవకుంట.
ఎనుక నాలుగు చెట్లు.

"బిడ్డా, ఇవి తాళ్లు గావు" అన్న.
తాటికమ్మ విసనకర్ర తీరు ఇచ్చుకుంటది,
ఇది దువ్వెన తీరు వాలింది.
ముప్పై ఏండ్లు చెట్టును కావలించుకొని బతికినోన్ని,
నాకు చెట్టు తెల్వదా?
ఇవి కొబ్బరిచెట్లు.
మా వాగొడ్డున ఒక్కటుంటె చూపియ్యి,
లొట్టి పగులగొట్టుకుంట.

సోమవారం కలెక్టరాఫీసుకు వోయినం.
సారు ఫోటో తిప్పి చూసిండు, మమ్ముల చూసిండు.
"చెట్టేదైతేంది పెద్దమనిషీ,
బ్రిడ్జి బ్రిడ్జే గదా!"
లైన్ల నిలవడ్డోళ్లు నవ్విండ్రు.
నేనూ నవ్విన.
గా నవ్వు ఇప్పటిదాంక గొంతుల ముల్లు.

మళ్ల ఓట్లొచ్చినయి.
ఆయన మా మండువకొచ్చిండు, ఎన్కముందట ఫోన్లు పట్టుకున్న పోరలు.
"కాకా, నీ చేతి కల్లు తాగాలె" అన్నడు.
పోసిన.
రేక పట్టినంక ఎంతటోడైన
మడిమెల మీద కూసోవాలె,
తల వంచాలె.
అది నా గొప్ప గాదు, తాటాకుది.

తాగి మూతి తుడుసుకున్నంక అన్న:
"సారూ, లెక్కలేం అడగ.
గిదిగో మోకు. ఒక్కపారి ఎక్కి
గా వాగు దిక్కు చూడు."
ఆయన మోకాలు పట్టుకొని నవ్విండు.
పోరలు ఫోన్లు దించిండ్రు.

అఖిల రాత్రి ఇంకో కాయిదం రాసింది.
ఈసారి బ్రిడ్జి మాటే లేదు.
"ఫోటోలోని వంతెన ఏ ఊరిది?"
అంతే.

చెట్టు మీద మొగి చెక్కుకుంట ఆలోచన చేస్తున్న.
కొబ్బరిచెట్లున్న ఆ ఊళ్లె
ఎవలో ఒకలు మా లెక్కనే
దవాఖాననో, బడినో అడిగే ఉంటరు.
వాళ్లకూ ఒక కవరొచ్చి ఉంటది.
విప్పితే అండ్ల మా తాళ్లుండొచ్చు,
ఒక తాడి మీద మోకేసుకొని నేను,
లొట్టి దించుకుంట,
ఏ పని పూర్తయిందని
సాక్ష్యం చెప్తున్ననో.