దీమం పిట్టలు

ముందు చూడ్డం నేర్చుకోమన్నాడు ఓస్విన్ థక్రే.
సంచి మూతి విప్పనివ్వలేదు, తుపాకీ తొడుగు తియ్యనివ్వలేదు.
గట్టు మీద గంటన్నర కూర్చోబెట్టాడు నన్ను.

లింకన్‌షైర్‌లో మే నెల. బఠాణీ మొలకలు వేలెడు లేచాయి.
సముద్రం మీంచి వచ్చే గాలి చెవులు కొరుకుతోంది.
పాప్లార్ చెట్ల వరస దాటి, నీళ్ళ ట్యాంకు పక్కగా మళ్ళి
తాడు పట్టి గీసినట్టు ఒకే దారిన వస్తున్నాయి అడవి పావురాలు.
"వాటికీ రోడ్లున్నాయి.
మనకి కనబడేదాకా అక్కడ ఏం పరిచినా దండగ."

అప్పుడు విప్పాడు సంచి.
పద్దెనిమిది ప్లాస్టిక్ పిట్టలు,
పెళ్ళి విస్తళ్ళ దొంతరలా ఒకదాని కింద ఒకటి.
నేను కొనుక్కొచ్చిన కొత్తవి పక్కన పెడితే నవ్వాడు.
"ఇవి విందుకొచ్చాయా, మేతకొచ్చాయా?
ఇంత మెరుపు చూస్తే ఏ పావురమూ దిగదు."
చేలో మట్టి తడిపి వాటి వీపులన్నీ రుద్దించాడు.

అతని వాటికి మసి కలిపిన బూడిద రంగు, వెలుగుని మింగేస్తుంది.
రెక్కల అంచు, రొమ్ము మీది వంగపండు ఛాయ
ఏటా జనవరిలో తనే దిద్దుకుంటాడు.
మెడ మీది తెల్ల మచ్చ మాత్రం లెట్టీ వేసేదట,
లిప్‌స్టిక్ రాసుకునేటప్పటిలా నోరు కాస్త తెరిచి.
ఆమె పోయి నాలుగేళ్ళు.
ఆ తెలుపు జోలికి అతను పోలేదు.

పరిచే పద్ధతి ఇదీ:
గుర్రపు నాడాలా వంపు, లోపల ఖాళీ,
ఆ ఖాళీ మన మాటు నుంచి ఇరవై అడుగులు ఎక్కువైనా తక్కువైనా
గురి నీది కాదు.
ముక్కులు గాలికి ఎదురుగా. కానీ అన్నీ కాదు.
నేను పెరేడ్‌లో సిపాయిల్లా నిలబెడితే
వంగి వంగి ఒక్కోదాన్నీ చెడగొట్టుకుంటూ వచ్చాడు.
ఒకటి పక్కకి, ఒకటి వెనక్కి,
ఒకటి గుంపుకి దూరంగా, అలిగినట్టు.
"బడి పిల్లల్ని చూళ్ళేదా? సరిగ్గా ఉంటే అది గుంపు కాదు."

ఎల్డర్ కొమ్మలు కప్పిన వల వెనక కూర్చున్నాం.
ఫ్లాస్కులో టీ, ఉప్పు చేపల వాసన వేసే అతని కోటు.
మొదటి పావురం వచ్చింది, రెక్కలు బిగించి,
తెలిసిన ఇంటి గుమ్మంలోకి వచ్చినట్టు.
నేనే కాల్చాను.
ఆ తర్వాత ఇంకో రెండు.

అతను వెళ్ళి వాటిని ఏరుకొచ్చాడు.
కళ్ళు బొటనవేలితో మూసి,
గడ్డం కింద చీలిన పుల్ల గుచ్చి,
ఖాళీ అంచున మేస్తున్నట్టు కూర్చోబెట్టాడు.
రాలిన ఈకల్ని ఒక్కటీ వదలకుండా జేబులో కుక్కుకున్నాడు.
"నటనలో వీటిని మించినవి లేవు," అన్నాడు,
కోటుకి చేతులు తుడుచుకుంటూ.
నాకు టీ దిగలేదు.

పదకొండు దాటాక ఆకాశం ఖాళీ అయింది.
ఏం లేదు. ఏం లేదు.
కంచె మీంచి రాయి విసిరినట్టు ఏదో పడింది.
డేగ.
ఆ అలిగిన పిట్ట మీద,
లెట్టీ తెల్ల మచ్చ మీద,
గోళ్ళు దింపి నిలబడింది.
ఒకసారి పొడిచింది. ఆగింది. మళ్ళీ పొడిచింది.
పసుపుపచ్చ కన్ను మా వల వైపు తిప్పి చూసింది,
కొట్టువాడు చిల్లర తప్పిచ్చాడని నిలదీసినట్టు.
కిందికి చూసుకుంది, లేచిపోయింది.

ఓస్విన్ నవ్వుతాడనుకున్నాను.
నడిచి వెళ్ళి దాన్ని తీసి చూశాడు.
మూడు గీతలు. తెలుపు పెచ్చు లేచి
కింద నల్లటి ప్లాస్టిక్ కనబడుతోంది.
గీతల మీద ఊదాడు, పొయ్యి రాజేసేవాడిలా.
చాలాసేపు ఊదాడు.

తర్వాత తల ఎత్తి, వేలు తడిపి గాలిలో పెట్టి,
"పడమటికి తిరిగింది," అన్నాడు.
"లే. అన్నిటినీ తిప్పాలి."