అడ్డపొగ

కాగితం మీద ఆరు ప్రశ్నలు.
ఆరూ సిగరెట్టు తాగే మగవాడి కోసం రాసినవే.
ఎదుట కూర్చున్నది గరికిన కాసులమ్మ,
జాలారిపేట, వయసు "యాభయ్యో అరవయ్యో, నువ్వే ఏసుకో."
కేజీహెచ్ కిటికీలోంచి సముద్రం అంగుళం మేర కనిపిస్తుంది.
మాట్లాడినంతసేపూ ఆమె చూపు ఆ అంగుళం మీదే.

నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది?
"ఏ లేవడం పాపా?
రెండింటికి బోటొచ్చినప్పుడా, తెల్లారి గంపెత్తినప్పుడా?
కన్ను తెరవకముందే సెయ్యి ఎతుకుద్ది."
ఐదు నిమిషాల లోపు, అని రాశాను. మూడు మార్కులు.

రోజుకి ఎన్ని?
"ఒకటే సుట్ట.
ఆరిపోతే కొప్పులో దోపుకుంటాను, మళ్లీ ముట్టిస్తాను."
ఒకటికి సున్నా వేయమంది కాగితం.
వేశాను. సిగ్గేసింది.

తాగకూడని చోట ఆపుకోవడం కష్టమా?
"నిప్పు నోటి లోపలుంటే ఎవుడికి కనబడతాది?
గాలికి ఆరదు, బూడిద సేప మీద రాలదు.
బస్సులో తాగాను, పెళ్లిలో తాగాను,
నా మొగుణ్ని ఒడ్డుకి తెచ్చిన రోజు
జనం మధ్యన కూకుని తాగాను.
నోరు మూసుకుని ఏడుస్తన్నాననుకున్నారు."

ఆ ప్రశ్నకి ఉన్నది ఒక్క మార్కే.

జబ్బు చేసి మంచం మీదున్నా తాగుతావా?
"మంచమెక్కితే ఇంకెవుడు పలకరిస్తాడు?"

నోరు తెరవమన్నాను.
టార్చి వెలుగులో అంగిలి
ఎండిన ఉప్పుమడి, మధ్యలో ఎర్రటి చుక్కలు.
డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు.
భీమిలిలో మా అమ్మమ్మా నిప్పు లోపలే పెట్టుకునేది.
ఆమె నోట్లోకి ఎవరూ టార్చి వేయలేదు.

"తాగాలనిపించడం కెరటం లాంటిదమ్మా,
ఐదు నిమిషాలు ఓర్చుకుంటే విరిగిపోతుంది."
శిక్షణలో నేర్పిన మాట.
"కెరటాల సంగతి నాకు సెప్తన్నావేటి?" అంది.
"ఒకటిరిగితే ఎనకాలే ఇంకోటుంటాది.
ఒంటిగా దాటలేం.
రెండో తెడ్డు కాడ మనిషుండాల."

నేనిచ్చిన ఫోను నంబరు మడిచి జాకెట్లో పెట్టుకుంది.
ఫోను మనవడిదట.

ఆ పై మంగళవారం కాదు, మరో మంగళవారం, ఇద్దరొచ్చారు.
రెండో ఆమె చోడిపల్లి మాణిక్యం,
హార్బరులో పక్క గంపామె,
ముప్పై ఏళ్లుగా వంజరం ధర దగ్గర ఇద్దరికీ తగువు.
"దీనికి తెలీకుండా ముట్టించలేను పాపా,
వాసన పట్టేత్తాది, కుక్క ముక్కు."
మాణిక్యం కాదనలేదు.
తనదీ కొప్పు ఖాళీ.

తొమ్మిది రోజులు.
మధ్యలో ఒక రాత్రి తప్పింది.
తుఫాను హెచ్చరిక, కొడుకు బోటు రాలేదు, తెల్లారేదాకా తాగింది.
ఆ సంగతి మాణిక్యమే చెప్పింది.
చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుంది.
లెక్క మొదటినుంచి పెట్టాలా అనడిగారు.
అక్కర్లేదన్నాను. కాగితంలో అలాంటి గడి లేదు.

పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు.

వెళ్లబోతూ కాసులమ్మ
నడుము దగ్గర్నుంచి అగ్గిపెట్టె తీసింది.
నా మొహం మారేలోపే
నా చెవి దగ్గర పెట్టి ఆడించింది.

లవంగాలు.