నలభై ఒక్క సెకన్లు

ఉలాన్‌బాతర్‌లో మూడో అంతస్తు.
కిటికీ అవతల బొగ్గుపొగ,
ఇవతల ఉండ్రాఖ్.
ఉప్పు వేసిన పాలటీ మీద మీగడ గట్టిపడిపోయింది.
తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.
"ఇక్కడే నలభై ఒక్క సెకన్లు,
వైరుకు కట్టేసిన కంప్యూటర్లో.
మరి గుట్ట మీద?"

గుట్ట మీద సంగతి మొన్న ఫోన్లో చెప్పాడు
బల్దన్‌దోర్జ్, డెబ్బై దాటినవాడు.
సిగ్నలు కోసం గుర్రమ్మీద గంట,
గుర్రం ఎక్కలేని చోట మోకాళ్ల మీద అరగంట.
మైనస్ ముప్పై ఎనిమిది.
ఫోన్‌ని అంగరఖా లోపల, చంకలో,
ఈనిన గొర్రెపిల్లలా దాచుకుని తీసుకెళ్తే
ఫారం తెరుచుకునేలోపు బ్యాటరీ చస్తుంది.
"నా మేకల్లాగే" అన్నాడు,
నవ్వాడు కూడా.

పశునష్టం దరఖాస్తు.
ఆ రాత్రి దాని పొట్ట కోసి చూశాం.
టెంప్లేటు కడుపులో టెంప్లేటు,
దాని కడుపులో ఇంకోటి,
ఉల్లిపాయ ఒలుస్తున్నట్టే ఉంది.
గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె, మేక,
ఒక్కోదానికి వయసు, ఆడ, మగ,
గడి గడికీ ఓ బొమ్మ,
బొమ్మకో నీడ,
నీడకో కదలిక.
ఎవరు పెట్టారివి?

నేనే. పోయిన వేసవిలో,
పచ్చిక మోకాలెత్తున ఉన్న రోజుల్లో,
పెద్దవాళ్ల ముందు ప్రదర్శన కోసం.
చచ్చిన ఒంటెల లెక్క రాసే గడిలో
నా ఒంటె ముద్దుగా తల ఊపుతుంది.

అసలు రోగం ఇంకా అడుగున ఉంది.
ప్రతి గడీ డేటాబేసు దగ్గరికి పరిగెత్తి
సుమ్‌ల పేర్లన్నీ చెప్పమంటోంది.
మూడొందల పైచిలుకు పేర్లు,
అరవై సార్లు,
ఒక్క మనిషి కోసం.
పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అంటే
అది పాపం పాడుతూనే ఉంది.
నిన్నటికీ ఇవాళ్టికీ
ఏ ఊరు పేరు మారింది గనక?

పేర్లని క్యాష్‌లో పెట్టాం,
చలికాలానికి ఎండబెట్టుకున్న మాంసంలా
ఒకసారి కోసి, ఒకసారి ఆరేసి,
అడిగినప్పుడల్లా గుప్పెడు.
పొరలన్నీ పీకేస్తే మిగిలింది ఒకే పట్టిక,
గీతలు, గడులు, చివర ఒక బొత్తాం.
ఒంటె తల ఊపడం మానేసింది.
తీసేసిన రెండువేల పంక్తుల్నీ
ఉండ్రాఖ్ బాకీపద్దు చదివినట్టు పైకి చదివింది.
తెల్లారి నాలుగింటికి: రెండు సెకన్లు.
చప్పట్లేం కొట్టుకోలేదు,
బల్లల మీద తలలు వాల్చేశాం.

తొమ్మిదింటికి ఫోను.
ముందు గాలి, తర్వాత బల్దన్‌దోర్జ్.
"తల్లీ, ఇట్టే తెరుచుకుంది, చల్లగా ఉండు.
కానీ ఇందులో ఎవరో ముందే రాసేశారు.
గుర్రాలు పదకొండు, గొర్రెలు రెండొందల నాలుగు.
నా జన్మలో నాకు పదకొండు గుర్రాలు లేవు.
ఎవరివో, పాపం.
చెరిపితే వాళ్ల లెక్క పోతుందేమోనని
ముట్టుకోలేదు."

నిద్రమత్తులో నేను
పేర్లతోపాటు పేజీ మొత్తాన్నీ దాచేశాను.
ముందు తెరిచిన ఇంటి చావుల్ని
వెనకొచ్చిన ముసలాయన చేతిలో పెట్టాను.

ఉండ్రాఖ్ నన్ను పల్లెత్తు మాట అనలేదు.
అనుంటే బాగుండేది.
ఆయన్ని లైన్లోనే ఉండమని
ఫారాన్ని రెండు ముక్కలు చేసింది.
సుమ్‌లు, గీతలు, పశువుల జాతులు ఇటు.
మనిషీ, అతని అంకెలూ అటు.
అటువైపు ముక్క నెత్తిన రాసింది:
దాచొద్దు. ప్రతిసారీ అడుగు.

"ఇప్పుడు చూడండి."
గాలి. గుర్రం చీదిన చప్పుడు.
"ఖాళీగా ఉంది" అన్నాడు.
మా ఇద్దరికీ ఊపిరాడింది.

ఆయన పైకి చదువుకుంటూ నింపాడు.
ఆవులు ఆరు.
మేకలు నూట పదమూడు.
గొర్రెలు, ఉండమ్మా, మళ్లీ లెక్కపెట్టాలి.
ఒంటె దగ్గర ఆగాడు.
"ఒంటె ఒకటి" అన్నాడు.
"దాని పేరు రాయడానికి గడి ఏదీ?"

రెండు సెకన్ల ఫారంలో ఆ గడి లేదు.
నలభై ఒక్క సెకన్ల దానిలోనూ
ఉండేది కాదు.