వెచ్చని కుర్చీ

రోటర్‌డామ్‌లో మా ఆఫీసుకి
బల్లకింద ఒక్కో కన్ను, పైకప్పు నిండా ముక్కులు.
ఎవరూ లేని గదిలో దీపం తనే ఆర్పుకుంటుంది.
ఇరవై రోజులు ఖాళీగా ఉన్న కుర్చీని
జాబితాలోంచి కొట్టేస్తుంది.

హిల్లెకె ఆస్పత్రిలో చేరి నలభై రోజులు.
ఆమె ఇరవై ఏడో నంబరు మాత్రం
నా తెరమీద రోజూ ఎర్రగా వెలుగుతోంది:
మనిషి ఉన్నట్టే.
కదలదు. ఆ మూల గాలిలో
ఊపిరి కలిసిన జాడ లేదు.

మాస్ నది మీద మంచు విడవకముందే
నాలుగో అంతస్తుకి వెళ్ళి చూశాను.
కుర్చీలో ఉన్ని శాలువా, లోపల వేడినీళ్ళ సంచి.
తుడుపుకర్ర పట్టుకుని ఇవాండ్రా
కిటికీకేసి చూస్తూ నిలబడింది.

సెన్సర్ మోసపోయిందని
రిపోర్టు రాయాల్సినవాణ్ణి.
సంచి ముట్టుకుని చూసి
"చల్లారిపోతోంది" అన్నాను,
కెటిల్ ఉన్న అలమారా తాళం తీస్తూ.