పురి

ఫిషింగ్ హార్బర్. తెల్లారగట్ల నాలుగున్నర.
జెట్టీ మీద ఐసు దంచుతున్న చప్పుడు.
నిద్రపట్టక యూనివర్సిటీ గుట్ట దిగి వచ్చాను,
జేబులో రాత్రంతా తేలని లెక్క.

సూరాడ దేముడమ్మ నైలాను మోకు ఒళ్లో వేసుకుని
తెగినచోట అల్లుతోంది.
"ఏటి గుంటా, ఆ కాయితంతో నీకు గొడవ?"

ఎలా చెప్పను?
పొడుగూ వెడల్పూ ఎత్తూ కాక
ఇంకో దిక్కు ఉండొచ్చంటారనీ,
అది ప్రతిచోటా, ఈ చేప పొలుసు మీదా
నీ ముక్కుపుడక అంచునా
చుట్ట చుట్టుకుని ఉందేమోననీ,
దాంట్లో అడుగేస్తే
వెయ్యకముందే బయల్దేరిన చోటికి వచ్చేస్తామనీ.

డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ చూపించాను.
అక్కడ దీపం గుండ్రంగా తిరుగుతోంది.
నడిసంద్రంలో మీవాళ్లకి
ఆ తిరగడం కనబడుతుందా?
మినుకు. చీకటి. మళ్లీ మినుకు.

నేరుగా పోయే వెలుగుకి బరువు లేదు.
తన పరుగులో కొంత
ఆ సన్నటి చుట్టులో ఖర్చుపెట్టిందనుకో,
మనవైపు నడక మందగిస్తుంది.
బరువైన రేణువని మనం పేరు రాసుకుంటాం.
లోపల అది వెలుగే,
ఊపిరి తీసుకోకుండా తిరుగుతోంది.

అల తన తోకని తానే అందుకోవాలి కదా,
ఒకటిన్నర చుట్టు కుదరదు.
ఒకటి, రెండు, మూడు,
అందుకే బరువులు మెట్లు మెట్లుగా ఉంటాయి.
కుడికి తిరిగితే ఒక ఆవేశం,
ఎడమకి తిరిగితే దానికి ఎదురు.

"ఎవులైనా సూసినారా?"
లేదు.
చుట్టు ఎంత చిన్నదైతే
మొదటి మెట్టు అంత ఎత్తు.
ఇంతవరకూ ఎవరి కాలికీ తగల్లేదు.
అసలు లేదేమో కూడా.

దేముడమ్మ నవ్వలేదు.
మోకు కొస విప్పి నా మొహం ముందు పెట్టింది.
"కొనీవోడు ఎన్ని బారలని అడుగుతాడు.
పురి ఎటు తిప్పినారో ఎవుడూ అడగడు.
పడవని పట్టీది పురే గదేటి."

ఇంతలో బోటు వచ్చింది.
ఇంజను ఆపినా జారుతూనే ఉంది, నీళ్ల మీద దూదిలా.
ధనరాజు మోకు అందుకుని
ఇనప గుంజకి వేశాడు,
ఒకటి,
రెండు,
మూడో చుట్టుకి
అంత చేపా ఐసూ చెక్కా
కిర్రుమని ఒక్కసారి బరువెక్కి
ఆగింది.

"సాలా?" అన్నాడు.

ఇంకో సగం చుట్టు వేసి చూడమని
అనబోయి
కాయితం మడిచేశాను.