మూడు మైక్రాన్లు

రామతీర్థం గనిలో
బంగారు చుక్కలున్న రాయి హోటళ్ల గచ్చులకు పోతుంది.
చుక్కల్లేని మొద్దు నలుపు, ఎవరూ మెచ్చనిది,
మా షెడ్డుకొస్తుంది.

మిషను పనంతా అయ్యాక
ఇంకా మిగిలే మూడు మైక్రాన్ల మిట్టపల్లాల్ని
దస్తగిరి చేత్తో తీస్తాడు.
వజ్రప్పొడి చల్లి, ఇనుప దిమ్మ పట్టుకుని
గుండ్రంగా, గుండ్రంగా, పది రోజులు.
వెంట్రుకను ఇరవై చీలికలు చేస్తే
ఒక్క చీలిక. అదీ మాకు గుట్ట.

నా పని కొలవడం.
"తూర్పు మూల ఇంకా పొంగుంది" అంటాను.
తిట్టుకుంటాడు,
రాయినో, నన్నో.

బయట చీమకుర్తి మే నెల, నలభై ఐదు.
లోపల పొద్దూమాపూ ఇరవయ్యే.
చేరిన కొత్తలో చల్లగా ఉందని అరచెయ్యి ఆనించాను.
"తియ్ తియ్, రాయికి జొరమొస్తది!"
నవ్వాను. లెవెలు చూశాక నవ్వలా.
నా చెయ్యి ఉన్నచోట రాయి ఉబ్బింది,
దిగడానికి గంటన్నర పట్టింది.

ఆ రాళ్లమీద ఏదో దేశంలో
రెక్క ఎముకల్ని పడుకోబెట్టి కొలుస్తారంట.
రెండంతస్తుల విమానం, ఎనిమిదొందల మంది,
రెక్కలు చాపితే మా బస్టాండు చాలదంట.
డ్రాయింగు తెచ్చిన ఇంజనీరమ్మ ప్రమీలారాణి
గాల్లో రెక్క కొస రెండు మనుషులెత్తు లేస్తుందనీ
వంగకపోతే విరుగుతుందనీ చెప్పింది.
"వంగేదానికి వంగని రాయెందుకమ్మా?"
"ఎంత వంగిందో తెలియొద్దా?"
దస్తగిరి టీ గ్లాసు కింద పెట్టాడు.
"మా కూలీ గూడా అంతే,
ఆరేళ్లుగా వంగలా, లేవలా."

తర్వాత ఆర్డరు ఆగింది.
అంత పెద్దది ఇప్పుడెవరికీ అక్కర్లేదంట,
నాలుగు ఇంజన్లకు తాగించలేకపోతున్నారంట,
రెండింజన్ల సన్నవి చాలంట.
పెట్టెకెక్కాల్సిన పదకొండో రాయి ఇక్కడే ఉండిపోయింది.
ముందు ఏసీ తీసేశారు, తర్వాత మనుషుల్ని.
తాళంచెవి నా దగ్గరుంది, జీతం సగముంది.
దస్తగిరి ఒంగోల్లో వంటింటి బండలు కోస్తున్నాడు.

మొన్నొక మధ్యాహ్నం వచ్చాడు.
"ఒకసారి కొలిచి చెప్పు."
"ఎవరికి?"
"కొలువబ్బా."
లెవెలు తుడిచి పెట్టాను.
తూర్పు మూల, ఏడు.
అతను చొక్కా విప్పి
పొడి డబ్బా కోసం అల్మరా వెతకబోయాడు.
"ఎండకు పొంగిందిలే, రాత్రికి దిగుద్ది" అన్నాను.

రాత్రి తొమ్మిదింటికి టార్చిలైటుతో వచ్చాడు.
నేను కొలుస్తున్నంతసేపూ
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని
దూరంగా నిలబడ్డాడు.