మైకుకు జర పక్కకు

పాడ్‌కాస్టు పెడ్తవా నవనీతా?
పెట్టు.
ముందుగాల ఆ ఇరవై వేల మైకు కొనుడు ఆపు.
ముప్పై ఏండ్లు పెండ్లిండ్లకు, పీర్లకు, ఎలచ్చన్లకు
ఈ మిర్యాలగూడల సెట్లు కట్టినోన్ని, ఇను:
మైకు చెడగొట్టిన గొంతులు తక్కువ,
గోడ చెడగొట్టినయే ఎక్కువ.

మీ ముందటి అర్ర ఉత్త డబ్బా.
కింద నాపరాయి, మీద రేకులు.
ఒక్క చప్పట కొట్టి సూడు,
మూడు చప్పట్లు తిరిగొచ్చి నిన్నే కొడ్తయి.
వెనక అర్రలకు పో. బట్టల బీరువ తలుపులు బార్ల తియ్యి.
మీ నాయనమ్మ బొంత నెత్తి మీదికెల్లి కప్పుకో.
చెమట పడ్తది. పట్టనియ్యి.
ఫ్యాను బందు. ఫ్రిజ్జు బందు.
బందు జేసిన ఫ్రిజ్జుల నీ స్కూటీ తాళపుచెవి పెట్టు,
లేకుంటే మళ్ల ఏసుడు యాది మరుస్తవు,
పాలిరిగిపోతే మీ అమ్మ నా దుకాణం మీదికొస్తది.

మైకుకు మూతికి నడుమ
పిడికిలి కంటె ఎక్కువ, జానెడు కంటె తక్కువ.
సూటిగ మాట్లాడకు, జర పక్కకు.
ప, ఫ, భ... గివన్ని గాలి ఊదే అచ్చరాలు.
"పాలమూరు పల్లికాయ" అని పదిసార్లు అని సూస్కో.

రాత్రి నిమ్మలం అనుకుంటవు, కాదు.
మిల్లులు అప్పుడే ఊపు మీదుంటయి.
పొద్దుగాల ఐదున్నరకు షిఫ్టు మారేటప్పుడు
పావుగంట ఊరు ఊపిరి బిగబట్టుకుంటది.
గది నీది.

ఇగ మనుషుల సంగతి.
అడిగినంక నోరు మూస్కో.
వాళ్లు ఆగిన్రంటే అయిపోయిందని కాదు,
లోపల్లోపల చేద దిగుతుంటది.
నువ్వు ఊఁ ఊఁ అన్నవో, తాడు తెగుతది.
తలకాయ ఊపు, చాలు.

నేను గూడ ఒకటి మొదలువెట్టిన గదా నిరుడు యాసంగిల.
సాగర్ రోడ్డు మిల్లుల వడ్లు ఎండవోసే బక్కమ్మతోని.
తేమ మిషిన్లు రాకముందు
గింజ కొరికి చెప్పేదట, పదిహేడు, పద్నాలుగు అని.
రైతులంత ఆమె దవడ దిక్కే సూస్కుంట నిలబడేటోళ్లట.
గంటసేపు చెప్పింది.
మిషిను దిగిన రోజు సంగతి చెప్పుకుంట నవ్వింది,
నవ్వు నడుమల ఆగింది.
నేను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోలె.
ఎర్రబుగ్గ ఎలగలేదని ఇంటికొచ్చినంక తెలిసింది.
ముప్పై ఏండ్ల సర్వీసు!

తెల్లారి పోయి మళ్ల చెప్పుమన్న.
"నిన్ననే చెప్తి గదయ్యా" అనుకుంటనే చెప్పింది,
నాలుగు నిమిషాల్ల.
మాటలన్ని ఉన్నయి, బక్కమ్మ లేదు.
ఏమనాల్నో తెల్వక ఊకున్న.
కుప్పలకెల్లి ఒక గింజ తీసి పంటి కింద ఏసింది.
పటుక్.
"పన్నెండు," అన్నది, "ఇగ సంచులల్ల ఎత్తుకోవచ్చు."

గది దొరికింది నాకు.
మొదటి ఎపిసోడ్ మొట్టమొదట గా పటుక్కే పెట్టిన.
నీకు మాత్రం చెప్తున్న:
ఎర్రబుగ్గ రెండుసార్లు సూడు,
రికార్డయింది రెండుకాడ దాచు,
ఒకటి ఫోన్ల, ఒకటి ఫోను పోయినా పోనికాడ.

దగ్గు కొయ్యి. కుర్చీ కిర్రుమన్నది కొయ్యి.
ఏడ్వబోయేముందు తీసుకునే ఊపిరి ఉంటది సూడు,
దాని జోలికి పోకు.

శుక్రారం అంటే శుక్రారమే ఎయ్యి.
ఇనేటోళ్లు పదకొండు మంది ఉంటరు,
అండ్ల రెండు ఫోన్లు మీ అమ్మవే.
మొదటి పది నీకే ఇన బుద్ధి కాదు. అయినా తుడిపెయ్యకు,
పదకొండోదాన్కి గవే మెట్లు.

అటక మీద నా పాత మైకొకటున్నది.
పీర్ల పండుగల కిందపడి జాలి సొట్టవోయింది,
గొంతు మాత్రం సాఫ్.
కిరాయి వద్దు.
వాపసిచ్చేటప్పుడు తుడిచి ఇయ్యి.